నూనె పోగులో ఉంటే వేరు, సీసాలో ఉంటే వేరు



మొక్కల నూనెలు కలిపిన సన్నని పోగులతో గాయాలకు కట్లు తయారు చేస్తున్నారన్న వార్తలు కొంతకాలంగా పేపర్లలోనూ, సెల్‌ఫోన్లలోనూ తిరుగుతున్నాయి. డ్రెస్సింగ్ రూములో రోగుల బంధువులు మా స్టాఫ్ నర్సులను, నన్ను అడుగుతున్నారు. "సిస్టరమ్మా, లవంగనూనెతో, వేపనూనెతో కట్లు వస్తున్నాయట. ఆ నూనెలు మనింట్లోనే ఉన్నాయి కదా, పుండు మీద నాలుగు చుక్కలు వేసుకుంటే తప్పేంటి?" అని. ప్రశ్న సమంజసమైనదే. దానికి నడవాలో నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకు చేతకావడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ పరిశోధన మంచిదే. త్వరగా మన వార్డుల దాకా రావాలని కోరుకునేవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ ఆ పోగులో ఉన్న నూనె, మన అరలో సీసాలో ఉన్న నూనె పేరుకు ఒకటే గాని గాయం మీద చేసే పని ఒకటి కాదు. ఈ తేడా తెలియక కాలివేళ్లు పోగొట్టుకుంటున్నారు, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ జబ్బు ఉంది. కాబట్టి ఇది ప్రయోగశాలల వాళ్ల గొడవ అని మనం ఊరుకునే విషయం కాదు.

ముందు పోగు సంగతి చెబుతాను. "శరీరానికి పడే పాలిమర్" అన్న మాట విని ఒంట్లో ప్లాస్టిక్ పెడతారా అని కంగారుపడకండి. మీలో చాలామంది ఒంట్లో అది ఇప్పటికే ఉండి, పని చూసుకుని వెళ్లిపోయింది. సిజేరియన్ అయిన తల్లులకు "లోపలి కుట్లు తీయనక్కర్లేదమ్మా, అవే కరిగిపోతాయి" అని చెబుతాం కదా, అది ఈ జాతి దారమే. పూర్వం లోపలి కుట్లకు గొర్రెల, పశువుల పేగుల నుంచి తీసిన క్యాట్‌గట్ వాడేవారు. నేను ట్రైనింగులో ఉన్న రోజుల్లో కూడా థియేటరులో అది ఉండేది. 1970ల నుంచి గ్లైకోలిక్ ఆమ్లం, లాక్టిక్ ఆమ్లం వంటివాటిని గొలుసులుగా కూర్చి చేసిన దారాలు వచ్చాయి. లాక్టిక్ ఆమ్లమంటే మరేదో కాదు, పెరుగుకు పులుపునిచ్చేదే. ఒంట్లోని తడికి ఆ గొలుసు కొద్దికొద్దిగా తెగి మళ్లీ ఆమ్లంగా మారుతుంది. శరీరం దాన్ని తన పద్ధతిలో ఖర్చు చేసేసుకుంటుంది.

ఇప్పుడు ఈ కొత్త కట్లకు వాడేదీ ఇటువంటి సామానే. పాలీలాక్టిక్ ఆమ్లం, పాలీకాప్రోలాక్టోన్, జెలటిన్, రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ వంటివి. కోస్తా జిల్లాల్లో రొయ్యలు ఒలిచే షెడ్ల వెనక గుట్టలు పడి వాసన కొట్టే ఆ పెంకుల నుంచే. (రొయ్యలు పడనివాళ్లు ఏ కొత్త కట్టు వేయించుకునేముందైనా ఆ సంగతి నర్సుకు చెప్పాలి. ఇది ఇప్పుడే చెప్పి పెడుతున్నాను.)

పోగు తీసే పద్ధతి తిరునాళ్లలో పీచు మిఠాయి తీసినట్టే ఉంటుంది. మిఠాయి బండిలో వేడికి కరిగిన పంచదారను తిప్పి విసిరితే పీచు వస్తుంది. ఇక్కడ తిప్పే పని కరెంటు చేస్తుంది. పాలిమర్‌ను ఒక ద్రావకంలో కరిగించి, మనం ఇంజెక్షను చేసే సిరంజిలాంటి దాంట్లో పోసి, సూది మొనకు 10 వేల నుంచి 30 వేల ఓల్టుల దాకా ఇస్తారు. మన ఇంటి కరెంటు 230 ఓల్టులు, పోల్చి చూసుకోండి. ఆ శక్తికి సూది మొన దగ్గరి బొట్టు సాగి, సన్నని ధారగా దూకి, దారిలోనే ద్రావకం ఆరిపోయి, ఎదురుగా ఉన్న రేకు మీద పోగుగా పడుతుంది. మన తల వెంట్రుకలో నూరో వంతు లావు కూడా లేని పోగులు. అవి ఒకదాని మీద ఒకటి పడి మెత్తటి పలుచని గుడ్డలా తయారవుతాయి. దీన్ని ఎలక్ట్రోస్పిన్నింగ్ అంటారు. విద్య కొత్తదేమీ కాదు. ఆంటన్ ఫార్మ్‌హాల్స్ అనే ఆయన 1934లోనే అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. గాయాలకు వాడవచ్చన్న ఆలోచన ఊపందుకున్నది మాత్రం ఆ తర్వాత చాలాకాలానికి.

అంత సన్నని పోగుల అల్లిక గాయానికి ఎందుకు మంచిది? గాలి ఆడుతుంది, ఊరే నీరు పీల్చుకుంటుంది, గాయం పూర్తిగా ఎండిపోకుండా ఉంటుంది, కొత్తగా పుట్టే కణాలు పట్టుకుని పాకడానికి ఒక పందిరిలా ఉంటుంది. గాయం ఎండితేనే మానుతుందని మనలో గట్టి నమ్మకం. కట్టు విప్పి ఎండలో కాలు చాపుకుని కూర్చునే తాతలను నేను రోజూ చూస్తాను. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల చర్మం మీద పరీక్షించి, పల్చటి పొర కప్పి తడిగా ఉంచిన గాయం మీద కొత్త చర్మం, గాలికి ఎండబెట్టిన గాయం కంటే సుమారు రెండింతలు వేగంగా పాకుతుందని చూపించాడు. అరవై ఏళ్లు దాటినా ఆ మాట మన ఊళ్లకు ఇంకా సరిగా చేరలేదు.

ఇక నూనెల సంగతి. మనం "నూనె" అని ఒకే మాట వాడతాం గాని ఇవి రెండు జాతులు. వేపనూనె, కొబ్బరినూనె, ఆముదం వంటివి గింజ ఆడించి తీసేవి. అంత తేలిగ్గా ఆవిరి కావు. లవంగ, దాల్చినచెక్క, నీలగిరి, వాము, టీట్రీ వంటివి ఆవిరి పట్టి తీసే తైలాలు. మూత తీస్తే గదంతా వాసన, మూత పెట్టడం మరిచిపోతే సీసా ఖాళీ. పోగుల్లో ఎక్కువగా పరీక్షిస్తున్నది ఈ రెండో జాతిని. ఇవి వైద్యానికి పరాయివి కావు. పంటి డాక్టరుగారి గదిలోకి వెళ్లగానే వచ్చే వాసన లవంగనూనెలోని యూజినాల్‌ది. వాములో ఉండే థైమాల్, నీలగిరి తైలంలోని పదార్థం కలిపి 1879లోనే అమెరికాలో లిస్టరిన్ తయారుచేశారు. శస్త్రచికిత్సలో క్రిములను చంపే పద్ధతి నేర్పిన లిస్టర్ పేరే దానికి పెట్టారు. కాబట్టి "నర్సులకు ఇంగ్లీషు మందులే ఇష్టం, ఆకులూ నూనెలూ అంటే చులకన" అని ఎవరూ అనుకోవద్దు.

అయితే ఈ తైలాలు క్రిమిని ఎలా చంపుతాయో తెలిస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. అవి క్రిమి చుట్టూ ఉన్న పల్చటి పొరను చిల్లులు పొడుస్తాయి. మన కణాలకూ అలాంటి పొరే ఉంది. కొంచెం మోతాదులో క్రిమి చస్తుంది, మోతాదు మించితే గాయం అంచున కొత్తగా పుట్టిన లేత కణం కూడా చస్తుంది. ఈ రెండింటి మధ్య సందు చాలా ఇరుకు. పోగు అవసరం అక్కడే వచ్చింది. నూనెను పాలిమర్‌తో కలిపి పోగు తీస్తే అది పోగులో చిక్కుకుని కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. ఇంకా నేర్పుగా, సూదిలో సూది పెట్టి, లోపల నూనె, బయట పాలిమర్ ఉండేలా కూడా తీస్తున్నారు. పూర్ణం బూరెలో పూర్ణం ఉన్నట్టు. అప్పుడు ఎంత నూనె, ఎన్ని రోజులు అన్నది కొంతవరకు మన చేతిలో ఉంటుంది. సీసాలోంచి వంపితే ఆ నూనె అంతా ఒక్క నిమిషంలో పచ్చి గాయం మీద పడుతుంది.

ఒక దర్జీ సంగతి చెబుతాను. ఊరు, పేరు అవసరం లేదు. పదేళ్లుగా షుగరు. మిషను తొక్కే కాలికి బొటనవేలి కింద కురుపు లేచింది. నొప్పి లేదు. షుగరు వల్ల నరాలు మొద్దుబారినవాళ్లకు నొప్పి ఉండదు, అదే అసలు ప్రమాదం. పంటినొప్పికి కొన్న లవంగనూనె ఇంట్లో ఉంటే రోజుకు రెండుసార్లు పోశాడు. మామూలు కాలైతే మంటకు గావుకేక పెట్టి మానేసేవాడు. ఆయనకు మంటే తెలియలేదు. పది రోజులకు చుట్టూ చర్మం తెల్లగా ఉడికినట్టయింది, అడుగున చీము లోపలికి పోయింది. మా దగ్గరికి వచ్చేసరికి ఎముకకు పట్టింది. వేలు తీసేయాల్సి వచ్చింది. ఆయన భార్య అడిగిన మాట, "మంచిదనే కదమ్మా పోశాం." మంచిదనే పోశారు, నిజమే.

ఇంట్లోని నూనెతో ఇంకో ఇబ్బంది, అది శుభ్రమైనది కాదు. చాలా ఇళ్లలో కోడి ఈక నూనెలో ముంచి పుండుకు రాస్తారు. అదే ఈక మళ్లీ సీసాలోకి. కొన్నాళ్లకు ఆ సీసాలో ఏముందో ఊహించుకోండి. పైగా పాత సీసాలో తైలం గాలి తగిలి మారిపోతుంది. టీట్రీ వంటివి అలా మారాక చర్మానికి దురద, దద్దుర్లు తెప్పించడం ఎక్కువవుతుంది. ఇక మా వైపు బాధ కూడా ఒకటి చెప్పనివ్వండి. నూనె రాసిన పుండు రంగు కనబడదు, చీము వాసన తెలియదు, ప్లాస్టర్ అంటుకోదు. తుడిచి తుడిచి అసలు గాయం కనబడేసరికి అరగంట. పచ్చగా, ఒక రకం తియ్యటి వాసనతో వచ్చే చీమును మీలో కొందరు చూసే ఉంటారు. అది సూడోమోనాస్ అనే క్రిమి పని. కాలిన గాయాలకు, పాత పుండ్లకు అది పెద్ద శత్రువు. చాలా తైలాలకు అది లొంగదు. నూనె వాసన ఆ చీము వాసనను కప్పేస్తే మేం గుర్తుపట్టడం ఆలస్యమవుతుంది.

చిన్నపిల్లల తల్లులకు ఒక్క మాట. వేపనూనె, నీలగిరి తైలం, కర్పూరం పిల్లల కడుపులోకి పోతే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. మొక్కదే కదా అని చెంచాతో పట్టకండి, అందేచోట పెట్టకండి.

లూకా సువార్తలో మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోశాడు కదా అని నాతో వాదించిన పెద్దలు ఉన్నారు. పోశాడు, ఆ కాలంలో ఉన్న మంచి మందు అదే. కానీ పోసి అక్కడే వదిలి వెళ్లలేదు కదండీ. పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్లి, రాత్రంతా చూసుకుని, తర్వాతి ఖర్చుకు కూడా డబ్బు ఇచ్చి వెళ్లాడు. నూనె మాట గుర్తున్నవాళ్లకు ఆ ఖర్చు మాట గుర్తుండదు.

ఇప్పుడు పరిశోధకుల వైపు తిరుగుతాను. నేను డిప్లొమా చదివిన నర్సును, రసాయనశాస్త్రం పండితురాలిని కాను. కానీ 30 ఏళ్లకు పైగా గాయాలు కడిగాను. ఈ పోగుల మీద వచ్చే వార్తల్లో చాలావాటిలో రెండే బొమ్మలు. గాజు పళ్లెంలో క్రిములు చచ్చి ఏర్పడిన ఖాళీ వలయం ఒకటి, వీపున మానిన గాయంతో ఎలుక ఒకటి. పళ్లెంలో చీము లేదు, కుళ్లిన తునకలు లేవు, పుండు మీద క్రిములు కట్టుకునే జిగట పొర లేదు. ఎలుక సంగతి ఇంకా వేరు. దాని చర్మం వదులుగా ఉండి, కింద ఉన్న పల్చటి కండ వల్ల గాయం సంచి మూతి లాగినట్టు ముడుచుకుని మూసుకుంటుంది. మన గాయం అంచు నుంచి చర్మం కొద్దికొద్దిగా పాకితేనే మానుతుంది. పైగా అది బలమైన పడుచు ఎలుక. మా వార్డులో ఉన్నది 65 ఏళ్ల అమ్మమ్మ, షుగరు, రక్తహీనత, పాదంలో నాడి అందదు. ఎలుక మానింది కాబట్టి అమ్మమ్మ మానుతుందని రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మొక్కల సంగతి సరిగా పరీక్షించినవాళ్లు లేకపోలేదు, అదీ మన దేశంలోనే. ముంబయిలో వాడియా పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ కేస్వానీ కాలిన గాయాలకు బంగాళాదుంప తొక్కలను ఉడికించి, గాజుగుడ్డకు అంటించి, శుభ్రపరిచి కట్టుగా వాడారు. 1985లో కాలిన గాయాల వైద్య పత్రికలో దాని వివరాలు రాశారు. తొక్క వల్ల గాయం ఎండిపోకుండా ఉందని తర్వాత కణజాలం పరీక్ష చేసి చూపారు. ఆ పనిలో నాకు నచ్చిన సంగతి, ముందు బీదవాళ్ల బిడ్డకు అందుతుందా అని ఆలోచించి, తర్వాత పరీక్షకు పెట్టడం. అలాగే బంగ్లాదేశ్‌లో ఢాకా శిశు ఆసుపత్రిలో నెలలు నిండని బిడ్డల చర్మానికి పొద్దుతిరుగుడు నూనె రాసి చూశారు. 2005లో వెలువడిన ఆ ఫలితాల్లో, రాయని బిడ్డలతో పోలిస్తే రాసిన బిడ్డలకు ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తక్కువ. అది కూడా మొక్క నూనే. నమ్మకంతో రాయలేదు, బిడ్డలను వర్గాలుగా విడదీసి లెక్కపెట్టి చూశారు. (ఇది గాయానికి కాదు, గాయం లేని చర్మానికి. ఆసుపత్రిలో, డాక్టర్ల పర్యవేక్షణలో.)

నూనె కలిపిన పోగులు కూడా ఆ మెట్టు ఎక్కాలి. ఎక్కడానికి కొన్ని అడ్డంకులున్నాయి. అవి ప్రయోగశాలలో కన్నా మాలాంటివాళ్లకు బాగా కనబడతాయి. మన ఆటోక్లేవులో సామాను శుద్ధి చేసేది 121 డిగ్రీల ఆవిరిలో. పాలీకాప్రోలాక్టోన్ 60 డిగ్రీలకే కరుగుతుంది. దాన్ని లోపల పెడితే బయటికి వచ్చేది కట్టు కాదు, ముద్ద. నూనె సంగతి చెప్పనక్కర్లేదు, ఆవిరితో పాటే పోతుంది. అందుకని ఫ్యాక్టరీలోనే గామా కిరణాలతోనో, మరో పద్ధతిలోనో శుద్ధి చేసి, ఆ తర్వాత కూడా నూనె ఎంత మిగిలిందో చూపాలి. మే నెలలో ఏసీ లేని మందుల గదిలో ఆరు నెలలున్నాక ఎంత మిగిలిందో కూడా చూపాలి. పోగు తీయడానికి వాడిన ద్రావకాల్లో కొన్ని విషమే, వాటి జాడ కట్టులో మిగలలేదని రాసివ్వాలి. మొదటి కొన్ని గంటల్లోనే నూనె చాలా భాగం బయటపడిపోవడం ఈ పోగులకున్న పేరుమోసిన జబ్బు. అలాగైతే మూడు రోజులకొకసారి మార్చే కట్టు రెండు రోజులు ఉత్త గుడ్డే కదా?

ధర మాట కూడా చెప్పాలి. వెండి కలిపిన కట్లు వచ్చినప్పుడు మాకు ఎంతో సంతోషం వేసింది. ఒక కట్టు ఖరీదు విన్న కూలీ మనిషి మొహం చూశాక ఆ సంతోషం సగమైంది. మొక్క నూనె చవక, లాక్టిక్ ఆమ్లం చవక, రొయ్య పెంకు పారబోసేదే అని చెప్పి మొదలుపెట్టిన పరిశోధన, చివరికి పట్నం కార్పొరేట్ ఆసుపత్రి అలమరలో ఆగిపోతే మన రోగులకు ఒరిగేదేమీ లేదు. ఏ కంపెనీ రిప్రజెంటేటివ్ అయినా రేపు అటువంటి కట్టు తెచ్చి నా బల్ల మీద పెడితే మూడు సంగతులు అడుగుతాను. షుగరు పుండు ఉన్న మనుషుల మీద పరీక్షించారా? ఏ నూనె, చదరపు సెంటీమీటరుకు ఎంత? కట్టుకు ఎంత పడుతుంది? జవాబు లేకుండా రంగుల కాగితం మాత్రం ఇస్తే టీ ఇచ్చి పంపిస్తాను.

అంతవరకు మన దగ్గర ఉన్నది తక్కువేమీ కాదు. సెలైన్‌తో కడగడం, చచ్చిన తునకలు తీసేయడం, తడి నిలిచే కట్టు, షుగరు అదుపు, పాదం మీద బరువు పడకుండా మెత్తని ఎంసీఆర్ చెప్పులు. షుగరు పుండు మానేది ఎక్కువగా వీటివల్లే. కాలిన గాయమైతే నూనె, టూత్‌పేస్టు, కాఫీపొడి, ఇంకు ఏదీ వద్దు. 20 నిమిషాల పాటు కుళాయి నీళ్ల కింద పెట్టి, శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురండి.

ఇప్పటికే ఇంట్లో ఏదైనా నూనె, గాయపాకు రసం, పసుపు వేసి ఉంటే డ్రెస్సింగ్‌కు వచ్చినప్పుడు దాచకుండా చెప్పండి. ఏది వేశారు, ఎప్పటినుంచి, రోజుకు ఎన్నిసార్లు. సీసా ఉంటే అదీ పట్టుకురండి. మా సిస్టర్లు కోప్పడరు. ఆ వివరం కేసు షీటులో రాస్తే పైన కనబడే తెలుపు, ఎరుపు నూనె వల్ల వచ్చిందో, లోపలి చీము వల్ల వచ్చిందో డాక్టరుగారు ఆ పూటే తేల్చుకోగలుగుతారు.